బొట్టు పెట్టి పిలవాలా?

ఉగాది రోజు పొద్దున్నే కాంతం పిన్ని ఫోన్ చేసి మా అమ్మను తిట్టింది. అమ్మను తిట్టాలంటే అమ్మకే చేయొచ్చు. కానీ అమ్మ ఫోన్ ఎత్తడం మానేసి పది నెలలైంది కాబట్టి ఆ అక్షింతలు నా నెత్తిన పడ్డాయి.

"మీ అమ్మకి మతి గానీ పోయిందేటే హైమా? మంజీర పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఇంట్లో మనిషి పోతే ఆ ఏడు పండగుంటుందా? పచ్చడి గిన్నె బొమ్మ పెట్టి ఊరందరికీ ఉగాది శుభాకాంక్షలు పంపింది. పైగా మా ఇంటికి రండి, బొబ్బట్లు తిందురుగాని అనొకటి! చుట్టాలందరూ నన్నడుగుతున్నారు. ఏటి చెప్పమంటావు?"

ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని వంటింట్లోకి తొంగిచూశాను. అమ్మ పొయ్యి ముందు నిలబడి నిన్నటి పులుసు వేడి చేస్తోంది. గుమ్మానికి మామిడాకు లేదు, గిన్నెలో వేపపువ్వు లేదు. అమ్మ ఫోను బియ్యం డబ్బా మీద ఛార్జింగు లేక పడి ఉంది. మా చెల్లి మంజీర పెద్దకర్మ అయిన మర్నాడే అమ్మ 'అందరం'లో తన ఖాతా నా చేత మూయించేసింది. "నవ్వు మొహాలు చూడలేనే" అంది.

మరి మూసేసిన ఖాతా శుభాకాంక్షలెలా చెప్పింది? తెరిచి చూశాను. 'అందరికీ ఉగాది శుభాకాంక్షలు తల్లీ. వేళకి తినండి.' అమ్మ ఏం మాట్లాడినా చివర వేళకి తినండి అంటుంది. అచ్చం అమ్మే.

ఆ గొంతును నేనెరుగుదును. అది అమ్మది కాబట్టి కాదు, దాన్ని తయారుచేసింది నేను కాబట్టి.

*

మా ఆఫీసు రుషికొండ మీద ఉంటుంది. 'అందరం' అంటే తెలియనివాళ్ళు లేరు కదా. పళ్ళు తోముకోకముందే జనం ఫోనులో తెరిచేది దాన్నే. అందులో భాషా విభాగానికి నేను పెద్దని. నేను తయారుచేసిన పనిముట్టు పేరు తోడు. ఎవరైనా మీకు మెసేజ్ పెట్టాక నాలుగు నిమిషాల్లోపు మీరు చూడకపోతే, మీ బదులు మీలాగే తోడు జవాబు చెబుతుంది. మీ పాత మాటలన్నీ చదివి మీ ఊతపదం, మీ విసుగు, మీ వెటకారం నేర్చుకుంటుంది. తిన్నావా అంటే తిన్నాననీ, బయల్దేరావా అంటే వస్తున్నాననీ చెప్పడం, అంతవరకే దాని పని అనుకున్నాను. మీరు ఫోన్ తెరవగానే 'మీ తోడు ఈ మాటలు చెప్పింది' అని ఒక చీటీ కనబడేలా కూడా పెట్టాను.

ఉగాది మర్నాడు ఆఫీసుకు వెళ్ళి, నాకున్న అధికారంతో తోడు దస్త్రాలన్నీ తెరిచాను. ఖాతా మూసేసినవాళ్ళ చోట కూడా తోడునే కూర్చోబెట్టారు. ఒకరు వెళ్ళిపోయినట్టు తెలిస్తే మిగతావాళ్ళూ వెళ్ళిపోతారని భయం. మా అమ్మ తోడు పది నెలలుగా చుట్టాలతో కబుర్లు చెబుతోంది. ఒకరి పెళ్ళికి వస్తానని మాట కూడా ఇచ్చింది. నేను పెట్టిన చీటీ ఎక్కడా లేదు. దాన్ని పీకేసి పదినెలలు దాటింది. తోడు ప్రయోగం మొదలైన రోజే, కిందటేడు మే పద్నాలుగునే తీసేశారు.

ఆ తేదీని మళ్ళీ చదివాను. ప్రయోగం మొదటి రోజు మా ఉద్యోగుల ఖాతాల మీద చేసి, మర్నాడు అందరికీ తెరిచారు. ఒప్పుకుంటూ సంతకం పెట్టినవాళ్ళలో మొదటి పేరు నాది. ఆ రోజు మధ్యాహ్నమంతా ఫోన్లు బయట అరలో పెట్టి, లోపల గదిలో తోడు ఎంత బాగా పనిచేస్తోందో మా పెద్దలకు చూపిస్తున్నాను. మంజీర చనిపోయింది కూడా ఆ మధ్యాహ్నమే.

మంజీర అనకాపల్లిలో టీచరు. ఒక చిన్న వాటాలో ఒక్కతే ఉండేది. చిన్నప్పట్నుంచీ ఆయాసం. వేసవి సెలవులకు రెండ్రోజుల్లో వస్తానన్న పిల్ల, ఊపిరాడక నేలమీద పడి పోయింది. సాయంత్రం పక్క వాటా ఆవిడ వెళ్ళి చూస్తే తలుపు గడియ తీసి ఉందట. అది తలుపు వైపు తిరిగి పడి ఉందట. ఒంటరి ఆడపిల్ల గడియ ఎందుకు తీసి ఉంచిందో ఎవరికీ అర్థం కాలేదు. దాని ఫోను వేలిముద్రతో తెరుచుకునేది. ఆ వేలు కాలి బూడిదయ్యాక తెరిచే దారి లేకపోయింది. అమ్మ ఆ ఫోనును బీరువాలో చీరల కింద పెట్టుకుంది.

"మొండిది. చచ్చిపోతున్నా ఎవరికీ చెప్పదు" అని అమ్మ ఎన్నోసార్లు ఏడ్చింది. నేనూ పది నెలలపాటు దానిమీద కోపంతోనే బతికాను. అక్కనున్నాను కదా, ఒక్క మాట పెట్టకూడదా అని.

పెట్టింది. నా ఖాతాలో, నా దాకా రానక్కరలేదని తోడు పక్కన పడేసిన ముచ్చట్ల మధ్య దొరికింది.

మూడూ నలభై ఒకటికి మంజీర రాసింది: 'అక్కా ఊపిరాడట్లేదే. ఇన్హేలర్ అయిపోయింది. వస్తావా?'

మూడూ నలభై అయిదుకు నా తోడు: 'నీకెప్పుడూ ఇంతే. ఫ్యాను కింద కూర్చుని వేణ్ణీళ్ళు తాగు. మీటింగవగానే వస్తా.'

'నిజంగా వస్తావుగా? పక్కవాళ్ళని పిలవనా?'

'ఎందుకే అందర్నీ కంగారు పెడతావు? నేను వస్తున్నాగా.'

'సరే అక్కా. గడియ తీసి ఉంచుతా.'

జవాబు రాకపోయి ఉంటే అది పక్కవాళ్ళను పిలిచేది. వాళ్ళింట్లో కారుంది. ఆసుపత్రి ఐదు నిమిషాల దారి. నా మాట నమ్మి, తలుపు వైపు చూస్తూ కూర్చుంది నా చెల్లెలు.

అక్కడితో అయిపోలేదు. మర్నాడు పొద్దున, మేము దాన్ని ఇంటికి తెచ్చి చాప మీద పడుకోబెట్టిన వేళకి, దాని తోడు రాసింది: 'ఇప్పుడు తగ్గిందే అక్కా.' నా తోడు 'చెప్పానా!' అంది. అప్పట్నుంచీ ఆ రెండూ రోజూ మాట్లాడుకుంటున్నాయి. తిన్నావా, పడుకున్నావా, జడ వేసుకున్నావా. పది నెలలుగా.

ఆ ముచ్చట్లకు పైన, అది బతికున్నప్పటి పాత మాటలు కూడా ఉన్నాయి. అవీ చదివాను. వాటి సంగతి తర్వాత చెబుతాను.

*

మా ప్రభంజన్ సార్ గదికి వెళ్ళాను. 'అందరం' ఆయన పుట్టించిందే. సౌమ్యుడని పేరు. ఎవరినీ ఏకవచనంతో పిలవడు.

"చీటీ ఎవరు తీయించారు సార్?"

"నేనే హైమగారూ. చీటీ చూడగానే జనం తోడు చెప్పినదాన్ని దిద్దుకుంటున్నారు. హాయిగా సాగిపోయే మాటలకు అడ్డమెందుకని తీయించాను."

నేను అచ్చు తీసిన కాగితం బల్ల మీద పెట్టాను. ఆయన చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఒక్క క్షణం ఏడుస్తాడేమో అనుకున్నాను.

"చాలా బాధాకరమండీ" అన్నాడు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "కానీ ఒకటి గమనించారా? ఇవి మీ మాటలే. మీరున్నా ఇవే అనేవారు. తొంభై ఆరు శాతం సరిపోయింది. మీ పని ఎంత గొప్పదో చూడండి" అన్నాడు.

ఆ శాతం కొలిచే సూత్రం కూడా నాదే. చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. కొడితే ఏమవుతుంది? చెంప నొప్పి సాయంత్రానికి తగ్గిపోతుంది. పత్రికలకు చెబితే చేతులు జోడించి క్షమాపణ అడుగుతాడు. ఆ వంకన ఇంకా మంచివాడైపోతాడు. నాకు క్షమాపణ అక్కర్లేదు. 'అందరం' అని పేరు పెట్టుకున్నవాడి దగ్గర ఒక్కడంటే ఒక్కడు మిగలకూడదు. ఆ సంగతి ఆఖరున వాడికి తెలియాలి, అదీ అందరి ముందూ.

"పది రోజులు సెలవు తీసుకోండి" అన్నాడు ప్రభంజన్.

"వద్దు సార్. పనిలో ఉంటేనే నాకు బాగుంటుంది" అన్నాను.

అమ్మకు ఆ రోజు ఏమీ చెప్పలేదు. వీడి పని పట్టాకే చెబుదామని ఒట్టు పెట్టుకున్నాను.

*

కంచరపాలెంలో లింగమూర్తి గారని టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో మెకానిక్కుగా చేసి రిటైరయిన పెద్దాయన ఉన్నారు. ముందుగదిలో కుట్టుమిషను పెట్టెంత కంప్యూటరు పెట్టె ఒకటి నడుపుతున్నారు. దాని పేరు వాడ. ఆ వీధిలోని నలభై ఇళ్ళ కబుర్లు, ఫొటోలు, తగువులు అన్నీ ఆ పెట్టెలోనే ఉంటాయి.

"మా రోజుల్లో అనకాపల్లి ఎక్స్ఛేంజి దానిదే, మనది మనదే. మధ్యలో తీగ కలిపితే ఇక్కడోడు అక్కడోడితో మాట్లాడేవాడు. ఇదీ అంతేనమ్మా. ప్రతి వీధికీ ఒక పెట్టె. తాళం ఆ వీధోళ్ళ దగ్గరే. పక్క వాడతో పొత్తు కుదిరితే తీగ కలుపుకుంటారు, కుదరకపోతే తలుపేసుకుంటారు. మొత్తానికీ కలిపి దొరంటూ ఎవడూ ఉండడు."

"కొత్తవాళ్ళను ఎలా చేర్చుకుంటారండీ?"

"ఎదురుగా చూసి చేర్చుకోవాలి. లోపలున్నోడు వెళ్ళి, మనిషిని కళ్ళారా చూసి, అంకెలున్న చీటీ చేతికివ్వాలి. ఫోన్లో ఇస్తే చెల్లదు. మరి ఈ కాలంలో ఎవడు మనిషో ఎవడు కాదో!"

నాక్కావలసింది అదే. మా దగ్గర ఒకడు ఖాతా మూసేస్తే తోడు వాడి చోట కూర్చుని, మిగతావాళ్ళతో ఇక్కడే బాగుందని చెబుతుంది. వాడల గురించి అందరంలో ఎవరైనా రాస్తే అది ఎవరికీ కనబడదు. అంటే నోటి పిలుపు ఒక్కటే దారి.

నోటి పిలుపంటే మా కాంతం పిన్నే. అమ్మకు చెప్పొద్దని ప్రమాణం చేయించుకుని ఆ కాగితం చూపించాను. పిన్ని రెండుసార్లు చదివింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడుపయ్యాక లేచి కుంకుమ భరిణె తీసింది.

"పెళ్ళికి పిలిచినట్టు పిలుద్దామే. గడప గడపకీ వెళ్ళి, బొట్టు పెట్టి, ఆకూ వక్కల్లో నీ చీటీ పెట్టి ఇద్దాం. బొట్టు పెట్టి పిలిచేక రానంటే వాళ్ళకే తప్పు."

మొదటి ఇల్లు పిన్ని స్నేహితురాలు వరహాలమ్మ గారిది. నేనూ వెంట వెళ్ళాను. ఆవిడ గుమ్మంలోనే నిలదీసింది.

"ఏటి కాంతం, నిన్న సాయంత్రమే కదా, కంచరపాలెంలో వాడని విన్నాను, ఏటది అని అడిగితే, వాడా లేదు గీడా లేదు, ఇక్కడే హాయిగుందన్నావు? అంతలోకే బొట్టెట్టడానికి వచ్చేవు?"

"నేనన్నానా? నిన్న సాయంత్రం పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూర్చున్నానే తల్లీ! ఇదిగో, ఇంకా వాపు తగ్గలేదు చూడు."

వరహాలమ్మ గారు పిన్ని దవడ చూసింది, తన ఫోను చూసింది. "నాలుగు గంటలకు నాతో గంటసేపు వంటల గురించి మాట్లాడింది ఎవరే మరి?" అంటూ అక్కడే మెట్టు మీద కూలబడింది. కాసేపటికి తేరుకుని బొట్టు పెట్టించుకుంది. మర్నాడు తన భరిణె తీసుకుని తనూ బయల్దేరింది.

అలా పాకింది. పిలుపు అందుకున్నవాళ్ళు మరో పదిళ్ళను పిలవాలన్నది పిన్ని పెట్టిన నియమం. ముత్తయిదువలే పిలవాలా అని ఎవరో అడిగితే, "బతికున్న మనిషైతే చాలు, పసుపూ కుంకుమా ఒకడు ఉన్నాడనీ పోయాడనీ కాదు" అని కసిరింది. వరహాలమ్మ గారు పిలిచిన షహనాజ్ గారి వీధిలో చేతికి అత్తరు రాసి పిలిచారు. రైతుబజారులో కూరల బుట్టల మధ్య చీటీలు చేతులు మారాయి. ఏప్రిల్ దాటేసరికి మా ఊళ్ళో వీధి వీధికీ వాడ లేచింది. పెట్టె కొత్తగా పెట్టినప్పుడల్లా దాని పక్కన పాలు పొంగించేవాళ్ళు. ఒకచోట ఆ పాలు పెట్టె మీదే పొంగి అది కాస్తా కాలిపోయింది. లింగమూర్తి గారు నెత్తి కొట్టుకుంటూ ఇంకొకటి చేసిచ్చారు.

"నువ్వెప్పుడొస్తావమ్మా మాలోకి?" అని అడిగారాయన.

"ఆఖరున వస్తానండి. నాకు లోపల పనుంది" అన్నాను.

*

ఆఫీసులో ఎవరికీ ఏమీ తెలియలేదు. గోడమీది తెరలో అంకె తగ్గితే కదా తెలియడానికి? మా ఊళ్ళో ఎనిమిది లక్షల మంది సభ్యులు, ఎనిమిది లక్షలూ అలాగే కదులుతున్నారు. వాళ్ళలో ఊపిరి పీల్చేవాళ్ళెందరో నాకొక్కదానికే తెలుసు. మే నెల మొదట్లో ముప్ఫై వేలుంటే, వారం తిరిగేసరికి నాలుగు వేలు మిగిలారు. తోడులు తోడులతోనే మాట్లాడుకుంటూ, ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకుంటూ, కోపమూ వెటకారమూ మరిచిపోయాయి. ఎక్కడ చూసినా పొగడ్తలే. ఆ చల్లదనం చూసి ప్రభంజన్ మురిసిపోయాడు.

"చూశారా హైమగారూ, జనం ఎంత మంచివాళ్ళయ్యారో!"

తోడును అన్ని భాషల్లోకీ తీసుకెళ్ళడానికి మూడు దేశాల నుంచి పెద్దమనుషులు వస్తున్నారు. వాళ్ళకు ఏం చూపిద్దామని ఆయన అడిగాడు. నేను ఆ ప్రశ్న కోసమే నెల రోజులుగా కాచుకుని ఉన్నాను.

"తెర మీద అంకెలు ఎవరైనా చూపిస్తారు సార్. మనం మనుషుల్నే చూపిద్దాం. సముద్రం పక్కన మైదానంలో అందరం పండుగ అని పెడదాం. ఒక్క పిలుపుకి ఎంతమంది వస్తారో వాళ్ళ కళ్ళతోనే చూస్తారు."

ఆయన ముఖం వెలిగిపోయింది. "ఎప్పుడు?"

"మే పద్నాలుగు. తోడు పుట్టినరోజు కదా."

ఆ తేదీన ఇంకేం జరిగిందో ఆయనకు గుర్తు రాలేదు. దాంతో నాలో మిగిలిన ఒక్క ఇసుమంత జాలి కూడా పోయింది.

ఏర్పాట్లు చూసే ఆయన వచ్చి, "కార్డులు వేయించాలా? మైకు కట్టి ఆటోలు తిప్పమంటారా సార్?" అని అడిగాడు.

ప్రభంజన్ నవ్వాడు. "మనవాళ్ళను మనం పిలుచుకోవడానికి అవన్నీ ఎందుకండీ? అందరంలో ఒక మాట పెడితే చాలు. బొట్టు పెట్టి పిలవాలా ఏంటి?"

"అక్కర్లేద్సార్" అన్నాను.

పిలుపు పెట్టిన గంటలో రెండు లక్షల మంది తప్పకుండా వస్తామన్నారు. పిల్లలతో వస్తామని కొందరు, ముందు వరసలో చోటు ఉంచమని కొందరు. ఇరవై వేల కుర్చీలకు చెప్పారు.

*

మే పద్నాలుగు సాయంత్రం ఐదింటికి మైదానంలో ఇరవై వేల ఎర్ర కుర్చీలు, షామియానాలు, గంగాళాల్లో పులిహోర. సన్నాయివాళ్ళు వాయిస్తున్నారు. మా ఉద్యోగులం ఒక మూడు వందలమందిమి, వంటవాళ్ళు, కెమెరాలవాళ్ళు. ఇంకెవరూ లేరు.

ఐదున్నరైంది. మూడు దేశాల పెద్దమనుషులు వేదిక మీద కూర్చుని వాచీలు చూసుకుంటున్నారు. గాలికి ఖాళీ కుర్చీలు ఒకటొకటిగా పడుతుంటే ఒక కుర్రాడు వెళ్ళి నిలబెడుతున్నాడు. వేదిక వెనక ఇల్లంత తెర. అందరంలో జనం రాస్తున్న మాటలు దానిమీద కనబడేలా పెట్టించింది నేనే.

'అబ్బబ్బ, ఏం జనం! కాలు పెట్టే చోటు లేదు.'

'పులిహోర అదిరింది. వడ్డించినవాళ్ళ చేతులకు దండం.'

'ముందువాళ్ళు కూర్చోండమ్మా, వెనకున్నవాళ్ళకి వేదిక కనబడట్లేదు.'

కెమెరాలు ఒకసారి తెరను చూపిస్తున్నాయి, ఒకసారి కుర్చీలను. ఊళ్ళో వాడవాడలా టీవీల ముందు కూర్చున్నవాళ్ళంతా చూస్తున్నారు. వచ్చిన అతిథుల్లో ఒకావిడ లేచి, వీళ్ళంతా ఎక్కడున్నారని అడిగింది. ప్రభంజన్ నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. మైకు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఆయన పేరిట తెర మీదకు వేలకొద్దీ అభినందనలు వస్తున్నాయి. ఆయన దేనికీ జవాబివ్వడం లేదు. నేను వాచీ చూసుకున్నాను. సరిగ్గా నాలుగు నిమిషాలకు తెరమీద ఆయన పేరు, ఆయన ఫొటో, ఆయన మాట వచ్చాయి: 'మీ ప్రేమకు ధన్యవాదాలు! ఈ జనాన్ని చూస్తుంటే నాకు మాటలు రావడం లేదు.'

కెమెరావాళ్ళలో ఎవరో పకపకా నవ్వారు. అతిథులకు పక్కనున్నతను దాన్ని వాళ్ళ భాషలో చెప్పాడు. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని మెట్లు దిగిపోయారు.

"హైమా! ఆపు దీన్ని!" అని అరిచాడు ప్రభంజన్. మొదటిసారి ఏకవచనం.

"ఎందుకు సార్? హాయిగా సాగిపోయే మాటలకు అడ్డమెందుకు?"

"నువ్వే చేశావు కదూ? జనమేరీ?"

"బొట్టు పెట్టి పిలిచినచోటికి వెళ్ళిపోయారు సార్. ఒక్కొక్కరినీ, ఒక్కో గడపా ఎక్కి తీసుకెళ్ళాం. రెండు నెలలు పట్టింది. మీకు నాలుగు వేలమంది మిగిలారు, వాళ్ళ బదులు కూడా తోడులే వస్తామన్నాయి, వాళ్ళూ రేపు పొద్దున్నకి ఉండరు."

ఎంత హాయిగా ఉందో ఆ నిమిషం! దాచుకోవడమెందుకు, ఆయన అలా అరుస్తుంటే కడుపు నిండినట్టుంది. ఆయన ముఖం చూస్తూ ఇంకా రెండు మాటలు అనబోతున్నాను. అప్పుడే తెర మీద మరో మాట వచ్చింది. పక్కన రెండు జడల ఫొటో, మంజీర పేరు.

'అక్కా, నేనూ వచ్చాను. ఎక్కడున్నావే? ఈ జనంలో కనబడట్లేదు.'

"ఎవరది?" అన్నాడు ప్రభంజన్.

"మా చెల్లి. చచ్చిపోయి ఇవాళ్టికి ఏడాది."

ఆయన తల దించుకున్నాడు. నేను దించుకోలేదు, తెర వైపే చూస్తున్నాను. అది యంత్రమనీ, మంజీర కాదనీ తెలుసు. అయినా జవాబు చెప్పాలనిపించింది. వేళ్ళు కదలలేదు. ఏం చెప్పను? ఆ నాలుగు నిమిషాలూ అలా గడిచిపోతాయని నాకు తోచనే లేదు. తెర మీద నా ఫొటో వచ్చింది.

'ఎందుకే కంగారు? నేను వస్తున్నాగా.'

*

ఆ సాయంత్రమే తోడు యంత్రాలన్నీ ఆపించారు. మర్నాడు పొద్దున అమ్మ ముందు కాగితం పెట్టి, తోడు సంగతీ దాన్ని నడిపిన ప్రభంజన్ సంగతీ చెప్పాను. అప్పటికి పది పన్నెండు రోజుల ముందే, తిథి ప్రకారం మంజీర ఏడాది కార్యక్రమం అయిపోయింది. అమ్మ తలంటుకుని, ఆరేసిన బట్టలు మడత పెడుతోంది. కళ్ళజోడు తెచ్చుకుని నెమ్మదిగా చదివింది.

"అందుకా గడియ తీసుంది" అంది.

"వాడి పని పట్టానమ్మా. నిన్న టీవీలో చూశావుగా. వాడికి ఇంక ఒక్కడు మిగల్లేదు."

అమ్మ ఆ మాట వినిపించుకోలేదు. కాగితం మీద వేలు పెట్టి అడిగింది.

"ఇది నువ్వు కాదు. యంత్రం. సరే. నువ్వే చూసుంటే ఏమనేదానివి?"

అబద్ధం చెప్పొచ్చు. పరిగెత్తుకుంటూ వెళ్ళేదాన్నని చెబితే అమ్మ నమ్మేది కూడా. కానీ పైనున్న పాత మాటలు నేను చదివేశాను.

"అంతకుముందు రెండేళ్ళలో పదకొండుసార్లు ఊపిరాడట్లేదని రాసిందమ్మా. పదకొండుసార్లూ ఫ్యాను కింద కూర్చోమనే చెప్పాను. వస్తా వస్తా అన్నాను. ఒక్కసారీ వెళ్ళలేదు. ఆ యంత్రం నా దగ్గరే నేర్చుకుంది."

అమ్మ మడత పెట్టిన చీరను విప్పి మళ్ళీ మడత పెట్టింది. ఏడవలేదు, నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఇంతలో కాంతం పిన్ని వచ్చింది. "అక్కా, మన వీధిలో ఇంకా పది గడపలున్నాయి. ఏడాది దాటింది కదా, నువ్వూ రా. నీ చేత్తో పిలు" అంది. నాన్న పోయాక అమ్మ కుంకుమ ముట్టుకోలేదు. ఆ రోజు లేచి ముఖం కడుక్కుంది. పిన్ని బొట్టు పెట్టి, చీటీ చేతికిచ్చి, అమ్మను వాడలోకి పిలిచింది. అమ్మ భరిణె అందుకుంది.

"మొదట ఇంట్లో పిల్లని పిలు" అంది పిన్ని నన్ను చూపిస్తూ.

అమ్మ నా దగ్గరకు వచ్చింది. నేను ముఖం పైకెత్తాను. అమ్మ వేలికి కుంకుమ అద్దుకుని, నా నుదుటి దాకా తెచ్చి ఆగింది. కళ్ళు నా మీదే ఉన్నాయి. తర్వాత ఆ వేలు కొంగుకు తుడుచుకుని భరిణె మూత పెట్టేసింది.

"పన్నెండుసార్లు పిలిచింది అది నిన్ను" అంది. "ఇంకెవరు పిలవాలే?"

పిన్ని ఏదో అనబోయింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని గుమ్మం దాటింది. మెట్ల మీద వాళ్ళ అడుగులు, పక్కింటి గేటు చప్పుడు, లోపలికి రండి రండి అంటున్న పక్కింటావిడ గొంతు వినబడ్డాయి.

తలుపు గడియ తీసే ఉంది. నేను దానికి ఎదురుగా నేల మీద కూర్చున్నాను.